మార్తమ్మ కొడుకు టీవీలో కనిపించిన ఆదివారం

మొన్న ఆదివారం వీరరాఘవయ్యన్నయ్య ఇంట్లో, టీవీ ముందు, ఊరంతా చూస్తుండగా నేను భోరున ఏడ్చానని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నమ్మకండి. కళ్ళ వెంట నీళ్ళు కారిన మాట నిజం. ముక్కు వెంటా కారాయి. నేల మీద చతికిలబడి కాళ్ళు కొట్టుకున్నాను. "ఓరి దేవుడో" అని కూడా అన్నాను. కానీ ఏడవలేదు. ఈ కోటమ్మ ఏడవగా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడే ఏడవలేదు. మా అత్తగారు ఇప్పటికీ అదొక తప్పుగా చెప్పుకుంటుంది.

సరే, కూర్చోండి. టీ తాగుతూ వినండి. అసలు జరిగిందేమిటో చెబుతాను.

మా ఊళ్ళో టీవీలు రెండు. ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంది. దాని తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గర ఉంటుంది, ప్రెసిడెంటు గారు గుంటూరులో ఉంటారు. కాబట్టి నిజానికి ఒకటే. అది వీరరాఘవయ్యన్నయ్యది. పోయినేడు పత్తి బాగా పండిందని తెచ్చాడు. నలుపు తెలుపుదే గానీ, తలుపులున్న చెక్కపెట్టె. దాని మీద అన్నపూర్ణ వదిన స్వయంగా కుట్టిన గుడ్డ. ఆ గుడ్డ మీద కుక్కపిల్ల. ఎవరైనా చూసి "కుందేలు బాగుందండీ" అంటే వదినకు కోపం.

ఆ టీవీని అన్నయ్య ఇంతవరకూ చూడలేదు. యాంటెన్నా డాబా మీద ఉంటుంది. గాలి వీస్తే తిరుగుతుంది, కాకి వాలితే తిరుగుతుంది. ఇంకొకరు ముట్టుకుంటే విరిచేస్తారని ఆయన భయం. అందుకని ప్రోగ్రాం మొదలవగానే తలకు తువ్వాలు చుట్టుకుని పైకెక్కుతాడు. "వచ్చిందా?" అని పైనుంచి ఆయన, "వచ్చింది! పోయింది! ఆఁ, వచ్చింది, అలాగే ఉంచు!" అని కింద నుంచి మేము. అంతా అయ్యాక చెమటలు తుడుచుకుంటూ దిగొచ్చి, "ఇవాళ బాగుందా?" అని అడుగుతాడు. బాగుందంటే పాపం సంతోషిస్తాడు.

వదినది ఇంకో రకం. టీవీ చూడ్డానికి టిక్కెట్టు పెట్టలేదు, అంత చిన్నబుద్ధి లేదు ఆవిడకు. రాగానే కూర్చోబెడుతుంది, మంచినీళ్ళిస్తుంది, ఆ తర్వాత ముందు ఒక చాట పెడుతుంది. చాట నిండా ఎండు మిరపకాయలు. "ఊరికే చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏం తోస్తుందమ్మా" అంటుంది. అంటే బొమ్మ చూస్తూ కాయల తొడిమలు తీయాలన్నమాట. బయట కల్లంలో అయితే కూలికి చేసే పని, ఆవిడ హాల్లో సరదాకి చేస్తున్నాం. ఆదివారం సీరియల్ మొదలైన దగ్గర్నుంచి వాళ్ళు తొడిమలకు ఒక్క కూలిమనిషిని పిలవలేదు. నేను ఈ మాట ఊళ్ళో నలుగురికి చెప్పాను. నలుగురూ అవునన్నారు. మళ్ళీ ఆదివారం నలుగురూ వచ్చి చాటలు అందుకున్నారు.

సీరియల్ సంగతి కూడా చెప్పాలి. ఆదివారం పొద్దున వస్తుంది, హిందీలో. నేవీ వాళ్ళ కథ. ఒక పెద్ద యుద్ధనౌక, దానికో కెప్టెను. ఆ వేషం వేసినాయన ఎవరో గానీ, సముద్రం ఎంత పొంగినా ఆయన క్రాపు చెదరదు. తుఫాను వచ్చి మిగతావాళ్ళంతా డెక్కు మీద దొర్లుతుంటే, ఆయన మాత్రం ఇస్త్రీ మడత నలక్కుండా నిలబడి దూరంగా చూస్తాడు. ఒడ్డున ఆయన భార్య. ఆవిడ పనల్లా కిటికీ దగ్గర నిలబడ్డం. ఆ ఇంట్లో వంటెవరు చేస్తారో ఇంతవరకూ చూపించలేదు. ఇంకొకడు మీసాల ఆఫీసరు. వాడు కెప్టెనుకు ద్రోహం చేస్తాడని మొదటి వారమే మేము తేల్చేశాం. సిగరెట్టు తాగుతూ ఒక్కడే నవ్వుకునేవాడు మంచివాడెలా అవుతాడు?

హిందీ మాకెవరికీ రాదు. హిందీ మాస్టారు చెబుతారు. కెప్టెను అరగంట ఉపన్యాసం ఇస్తే, "ధైర్యంగా ఉండమంటున్నాడు" అంటారు. భార్య కిటికీలోంచి ఒక్క ముక్క అంటే, మాస్టారు దానికి ఇంత వివరం చెబుతారు. చెప్పేలోపు ఇంకో సీను అయిపోతుంది. మొన్నటికి మొన్న ఆవిడ ఏమీ అనకుండా ఏడుస్తుంటే, "ఏడుస్తోంది" అని అది కూడా తెలుగులో చెప్పారు.

ఇంత శ్రద్ధగా ఊరంతా ఈ సీరియల్ ఎందుకు చూస్తోందంటే, మా మార్తమ్మ కొడుకు కోసం.

మార్తమ్మ మిషన్ బడిలో ఆయా. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ప్రభుదాసు. బడి అయిపోగానే నేవీలో చేరి విశాఖపట్నం వెళ్ళాడు. మంచి పిల్లాడు. వాడి గురించి చెప్పుకోడానికి నాకేమీ దొరకదు, అదొక్కటే వాడిలో లోపం. రెండేళ్ళయింది ఇంటికొచ్చి. ఎప్పుడూ సముద్రం మీదే. ఈలోగా మార్తమ్మకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఎదురుగా ఉన్న మనిషి కూడా పొగలో నిలబడ్డట్టు కనపడతాడు. ఆపరేషన్ చేయించుకోవే అంటే, "వాడు రానీ అక్కా" అంటుంది. కళ్ళు కట్టించుకుని చీకట్లో పడుకోవాలంటే పక్కన వాడుండాలిట.

ఇలా ఉండగా పర్చూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ప్రభుదాసుతోపాటే నేవీలో చేస్తున్నాడు, సెలవు మీద వచ్చాడు. "పిన్నీ, మీ వాడు టీవీలో వేశాడు! సీరియల్ వాళ్ళు మా నౌక మీదే తీశారు. కెప్టెను చెయ్యి చాపితే, దూరం చూసే బైనాక్యులర్ అందించేది మీ వాడే. ఒక మాట కూడా అంటాడు!" అని చెప్పి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. ఏ వారమో మాత్రం చెప్పలేదు.

అంతే. ఊరు ఊరంతా టీవీ ముందు వాలింది. కానీ మా వాళ్ళ సంగతి మీకు తెలుసు కదా. నౌక మీద వందమంది ఉంటారు. అందరికీ అవే తెల్లబట్టలు, అదే టోపీ. కాస్త సన్నగా, నల్లగా ఎవడు కనపడినా "అడుగో ప్రభుదాసు!" అని ఒకరు అరవడం, మార్తమ్మ గభాలున లేచి టీవీ దగ్గరకు పోవడం, "ఏడీ? ఏడీ?" అని అద్దం తడమడం, ఈలోగా "ఛ, వీడు కాదులే" అని అరిచినవాళ్ళే అనడం. ప్రతి ఆదివారం ఇదే తంతు. ఒకసారైతే హిందీ మాస్టారు మీసాల ఆఫీసరునే ప్రభుదాసు అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ.

అంతకు ముందు వారం అలా లేచి కూర్చుని, లేచి కూర్చుని, బయటికొచ్చాక మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇంక వీళ్ళ మాట నేను నమ్మను. నువ్వు చెబితేనే లేస్తాను."

"నేనేం చెబుతానే?"

"నీకు కనపడంది ఈ ఊళ్ళో ఏముంది? ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో బస్సు దిగకముందే చెబుతావు. నా పక్కన కూర్చో. వాడు రాగానే నా చెయ్యి నొక్కు. అరవకు. నొక్కు చాలు. వచ్చే ఆదివారంతో అయిపోతుందిట ఆ కథ. అందులోనన్నా ఉండకపోతాడా?"

అది పొగడ్తో తిట్టో నాకు అర్థం కాలేదు. కానీ నా కళ్ళ మీద ఆవిడ పెట్టుకున్న నమ్మకం చూసి, "నొక్కుతాను పో" అన్నాను. అన్నాక ఇక వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు.

శనివారం నుంచే కళ్ళను కాపాడుకోవడం మొదలుపెట్టాను. కల్లం వైపు పోలేదు. పొయ్యి ముందు కూర్చుంటే పొగ తగులుతుందని వంట మా ఆయన మీద పడేశాను. ఆయన వండిన పప్పు గురించి ఇప్పుడు చెప్పను, టీ తాగుతున్నారు కదా. మధ్యాహ్నం కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకుని పడుకున్నాను. వీధిలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. గొంతులు రెండూ తెలిసినవే. లేచి వెళ్ళలేదు. నా జీవితంలో అంత నిగ్రహం ఎప్పుడూ చూపించలేదు. పూలు తీసి చూద్దును కదా, తగువు అయిపోయింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

ఆదివారం తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతులు సబ్బుతో తోముకుని బయల్దేరాను. ఒకటే శపథం. ఇవాళ మిరపకాయ ముట్టుకోను. వదిన చాట పెట్టినా సరే, బుట్ట పెట్టినా సరే.

ముందు చర్చికి వెళ్ళి మార్తమ్మను తీసుకెళ్ళాలి. అక్కడింకా ప్రసంగం అవుతోంది. పాస్టరు గారు చాలా మంచివారు గానీ, ప్రసంగం మొదలుపెడితే ఆపడం ఆయన చేతుల్లో ఉండదు. నేను లోపలికి వెళ్ళేదాన్ని కాదు కదా, కిటికీ బయట నిలబడి ఆయన్నే చూస్తూ ఉన్నాను. ఆయన ఇటు తిరిగితే నేనున్నాను. తల దించి బైబిల్ చూసుకుని ఎత్తితే నేనున్నాను. కాసేపటికి ఆయన మాట తడబడింది. "ఇక... సముద్రం మీద ఉన్న మన బిడ్డల కోసం ప్రార్థన చేసుకుందాం" అని గబగబా ముగించేశారు. బయటికి వచ్చి, "ఇంకా మొదలవలేదు కదా కోటమ్మా?" అన్నారు. నాకంటే ముందు నడిచారు.

హాలు నిండిపోయింది. మార్తమ్మ అలవాటుగా గడప దగ్గరే ఆగింది. నేను చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్ళి, టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాను. వదిన ఏదో అనబోయి, నా నోరు గుర్తొచ్చి మానేసింది. మానేసి, చాటలు పంచడం మొదలుపెట్టింది.

"నాకొద్దు వదినా."

"అదేమే, తోచొద్దూ?"

"నాకివాళ బాగా తోస్తుంది."

"నాలుగు కాయలే..."

"వదినా, ఈ చేతులు ఇవాళ మిరపకాయ ముట్టవు. కావాలంటే రేపొచ్చి బస్తాడు తీసి పోతాను."

నేను అంత మాట ఊరికే అననని ఆవిడకు తెలుసు. చాట తీసుకెళ్ళి మార్తమ్మ ముందు పెట్టింది. మార్తమ్మ కాదనే మనిషి కాదు. పైగా కుదురుగా కూర్చోలేకపోతోంది, ఏదో ఒక పని ఉంటే నయమనిపించినట్టుంది. చూడకుండానే చకచకా తొడిమలు తుంచుతోంది. కుడిచేత్తో కాయ, ఎడమచేత్తో తొడిమ. మధ్య మధ్య చాట వదిలేసి నా చెయ్యి పట్టుకుంటుంది. "వచ్చాడా అక్కా?" "ఇంకా లేదే." మళ్ళీ తొడిమలు. మళ్ళీ నా చెయ్యి. పట్టుకోవడమంటే అలా ఇలా కాదు, వేళ్ళ మధ్య వేళ్ళు దూర్చి, పిండుతోంది.

నా బుర్ర ఎక్కడుందో చూడండి. వదిన చాట తోసేశాను, నా చీర చెంగు కాయలకు తగలకుండా దోపుకున్నాను, పక్కావిడ తుమ్మితే మొహం తిప్పుకున్నాను. మార్తమ్మ చెయ్యి చాపితే మాత్రం, ఇదిగో తీసుకో అన్నట్టు ఇచ్చేశాను.

డాబా మీద నుంచి "వచ్చిందా?"

"వచ్చింది! కదలకు!"

సీరియల్ మొదలైంది. ఆఖరి భాగం. శత్రువుల నౌక వస్తోందిట. మీసాల ఆఫీసరు మొదట్లోనే దొరికిపోయాడు. "చూశారా, నేను చెప్పలా" అని హాల్లో అందరూ అందరితో అన్నారు. భార్య కిటికీ దగ్గరే ఉంది. కెప్టెను డెక్కు మీదకొచ్చాడు. వెనక తెల్లబట్టల వరస.

"అక్కా..."

"ఉండవే."

కెప్టెను సముద్రం వంక చూశాడు. కనుబొమలు ముడిచాడు. ఆయన అంతకంటే ఎక్కువ ఎప్పుడూ నటించలేదు. తర్వాత, పక్కకు చూడకుండా, చెయ్యి చాపాడు.

ఇదే! పర్చూరు కుర్రాడు చెప్పిన చోటు ఇదే! నేను రెప్ప వెయ్యలేదు. ఆ వరసలో ఒక్కొక్క మొహం చూసుకుంటూ పోతున్నాను. వీడు కాదు. వీడు కాదు. వీడి చెవులు పెద్దవి. వీడెవరో పంజాబీ. చివర్లో ఒకడు కదిలాడు. సన్నగా ఉన్నాడు. రెప్ప వెయ్యకుండా అంతసేపు చూస్తే ఎవరి కళ్ళకైనా నీళ్ళు వస్తాయి, అది ఏడుపు కాదు, డాక్టర్లను అడగండి. నీళ్ళు నిండి బొమ్మ మసకేసింది. సరిగ్గా ఇప్పుడా అని, కుడిచేత్తో కుడికన్ను తుడుచుకున్నాను.

మార్తమ్మ అప్పటిదాకా పిండిన చెయ్యి!

గుంటూరు మిరపకాయ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుక మీద పడితేనే తెలుస్తుంది. కంట్లో పడితే ఇంకేమీ తెలీదు. నిప్పు కణిక తెచ్చి కంట్లో పెట్టినట్టయింది. అమ్మో అనుకుని ఏం చేశానో తెలుసా? అదే చేత్తో రెండో కన్ను కూడా తుడుచుకున్నాను. ఒకదానికి జరిగింది రెండోదానికి చెప్పకపోతే బాగుండదు కదా!

"ఓరి దేవుడో!"

ఆ కేక డాబా మీదకు కూడా వినపడిందిట. "ఏమైంది? పోయిందా?" అని పైనుంచి అన్నయ్య. హాల్లో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగిపోయారు. ఈ కోటమ్మ కళ్ళలో నీళ్ళు! అదే కెప్టెను క్రాపు చెదిరినా అంత వింతగా చూసేవాళ్ళు కారు. పాస్టరు గారు లేచి నిలబడ్డారు. వదిన చాటలు దాటుకుంటూ పరిగెత్తుకొచ్చింది. మాస్టారు పక్కవాళ్ళకు, "ఏడుస్తోంది" అని చెప్పారు. తెలుగులోంచి తెలుగులోకి.

నాకు ఇవేవీ పట్టలేదు. నాకు ఒకటే. పక్కన మార్తమ్మ ఉంది. నేను నొక్కాలి. ఎవడో ఒకడు అక్కడ బైనాక్యులర్ అందిస్తున్నాడు, వాడు ప్రభుదాసో కాదో నేను చెప్పాలి. కన్ను తెరుద్దామంటే తెరుచుకోదు. వేళ్ళతో రెప్పలు విడదీశాను. అవే వేళ్ళు! ఇంకాస్త కారం లోపలికి వెళ్ళింది. అయినా సరే టీవీ వైపే మొహం పెట్టి కూర్చున్నాను. కనపడింది ఏమిటంటే, ఎర్రగా ఒక వెలుగు. అది నలుపు తెలుపు టీవీ. ఆ రోజు దాన్ని రంగుల్లో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

"అక్కా, ఉన్నాడా? అక్కా!"

"చూస్తున్నానే, చూస్తున్నాను" అన్నాను కళ్ళు మూసుకుని.

అప్పుడు నా భుజం పట్టుకున్న చెయ్యి ఒక్కసారి వదిలేసింది. చాట బోర్లా పడ్డ చప్పుడు. కాయలు నా ఒళ్ళో పడ్డాయి.

"తుడిచాడు! అక్కా, చొక్కాతో తుడిచి ఇచ్చాడు!"

మార్తమ్మ గొంతు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"వాడే! మంచినీళ్ళ చెంబు ఇచ్చినా అంతే, చొక్కా కొసతో తుడిచే ఇస్తాడు. ఎన్నిసార్లు తిట్టానో ఉతకలేక! చూశావా? అలా కిందకు వంగి, తుడిచి, రెండు చేతులతో... ఆ గొంతు విను, వాడిదే! ఏమన్నాడు మాస్టారూ? ఏమన్నాడు మా వాడు?"

మాస్టారు ఏం చెబుతారు? ఆయన టీవీ వైపు చూస్తేగా! ఆయనే కాదు, హాల్లో ఉన్న ఒక్క మనిషీ చూడలేదు. అందరూ నన్ను చూస్తున్నారు. టీవీ సొంతదారు డాబా మీద యాంటెన్నా పట్టుకుని ఉన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. అంతమందిలో ఆ పిల్లాణ్ణి చూసింది, ఎదురుగా మనిషి నిలబడితే పోల్చుకోలేని మార్తమ్మ ఒక్కతే. ఆవిడ మాత్రం నా కేకకు తల తిప్పలేదు.

వాళ్ళు మళ్ళీ అటు తిరిగేసరికి కెప్టెను బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని ఉన్నాడు. వెనక వరస నిలబడి ఉంది. అందరూ ఒక్కలాగే ఉన్నారు.

తర్వాత నా వైద్యం మొదలైంది. చన్నీళ్ళు కొట్టమని ఒకరు, నీళ్ళు తగిలితే ఇంకా మండుతుందని ఒకరు. మజ్జిగ అన్నారు, పాలు అన్నారు. వదిన తన చెంగు ముద్ద చేసి, నోటితో ఆవిరి ఊది కంటికి అద్దింది. ఆ చెంగుతో ఆవిడ పొద్దుట్నుంచీ మిరపకాయలు మోసింది. నేను రెండోసారి అరిచాను. ఈసారి టీవీలో నౌక మునిగిపోయిన చప్పుడు కూడా ఎవరికీ వినపడలేదు. శత్రువులదో మనదో ఇప్పటికీ ఊళ్ళో తేలలేదు.

అన్నయ్య దిగొచ్చాడు.

"ఇవాళ బాగుందా?"

ఏం చూశామని చెబుతాం?

అసలు గొడవ అప్పుడు మొదలైంది. "ఇంతకీ వాడు వచ్చాడా, రాలేదా?" అని వదిన. "మనమెవరం చూడలేదు కదా" అని ఇంకొకరు. "ఆవిడకు అసలే చూపు ఆనదు. ఎవరినో చూసి..." అని మాస్టారు సగంలో ఆపారు. మీసాలవాణ్ణి ప్రభుదాసు అన్న ఈయన! నేను అనవలసిన మాట గొంతుదాకా వచ్చింది. కానీ ముక్కు కారుతోంది.

మార్తమ్మ మొహం నాకు కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది. మెల్లగా అంది, "నాకు చూపు ఆనదు మాస్టారూ, నిజమే. కోటమ్మక్క చూసిందిగా! మా వాణ్ణి చూసే కదా అలా ఏడ్చింది. కోటమ్మక్క ఊరికే ఏడుస్తుందా?"

అందరూ మళ్ళీ నా వైపు చూస్తున్నారని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది.

ఇప్పుడు మీరే చెప్పండి. అది ఏడుపు కాదు, కారం అంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది. నా పరువు నాకు దక్కుతుంది. కానీ ఆ తర్వాత ఏమంటారు? చూపున్నవాళ్ళెవరూ చూడలేదు, చూపు లేనావిడ ఏదో భ్రమపడింది అంటారు. రేపట్నుంచీ వీధిలో ఆవిడ వెనకాల నవ్వుతారు. నవ్వడం ఎలాగో నేనే కదా ఈ ఊరికి నేర్పింది! చొక్కాతో తుడిచాడని ఆవిడ చెప్పిందంటే వాడే. యుద్ధం నెత్తి మీదకొస్తుంటే చెయ్యి చాపిన కెప్టెనుకు వస్తువు తుడిచి ఇచ్చేవాడు ప్రపంచం మొత్తం మీద ఇంకొకడు ఉంటాడా?

ముక్కు చీది, గొంతు సవరించుకున్నాను.

"చూశాను" అన్నాను. "వాడే. చూసి తట్టుకోలేకపోయాను."

వదిన వెంటనే కళ్ళొత్తుకుంది, తన చెంగుతోనే. ఆ తర్వాత ఆవిడ కూడా కాసేపు చాలా బాధపడింది. అందరూ అది కూడా ఆప్యాయతే అనుకున్నారు.

ఇంటికెళ్ళేటప్పుడు నాకు దారి కనపడలేదు. మార్తమ్మే నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. "ఇక్కడ మెట్టు అక్కా. ఇక్కడ కాలవ. అలా కాదు, ఇటు." ఏ దారి ఎక్కడ తిరుగుతుందో చూపుతో పనిలేకుండా తెలుసు ఆవిడకు. దారి పొడుగునా అదే చెబుతోంది. వంగి తుడిచాడు, రెండు చేతులతో ఇచ్చాడు, చిక్కినట్టున్నాడు, నీకెలా అనిపించాడు? "చిక్కలేదే, టీవీలో అలా కనపడతారు" అన్నాను. "ఈసారి సెలవుకు రాగానే ఆపరేషన్ చేయించుకుంటానక్కా" అంది. "ఇన్నాళ్ళూ భయమేసేది. ఇవాళ వాణ్ణి సరిగ్గా చూడాలనిపిస్తోంది."

నా కళ్ళ వెంట అప్పటికీ నీళ్ళు ఆగలేదు. కారమే. ఆ కాయలు మంచి ఘాటైనవి.

ఇదీ జరిగింది. ఆ రోజు నుంచీ చూడండి నా బతుకు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, నా మనసు నొచ్చుకుంటుందని. పాస్టరు గారు నా పేరు మీద ప్రార్థన చేయించారు. మా అత్తగారు, "అప్పగింతల్లో లేని ఏడుపు ఇప్పుడొచ్చిందా" అంటోంది. నేను ఎవరినన్నా ఒక మాట అనబోతే, "పోనీలే కోటమ్మ, పైకి అలా ఉంటుంది గానీ మెత్తని మనిషి" అంటున్నారు. ఇంతకాలం ఎంత కష్టపడి సంపాదించుకున్న పేరు! ఒక్క మిరపకాయ పోగొట్టింది. పైగా అడిగినవాళ్ళకు అడిగినట్టు, ప్రభుదాసు ఎలా ఉన్నాడో, టోపీ ఎలా పెట్టుకున్నాడో చెప్పాలి. ఏం చెప్పను? పొద్దున్నే మార్తమ్మ దగ్గరకు వెళ్ళి కూర్చుని, ఆవిడ చెప్పింది విని వచ్చి చెబుతున్నాను.

అందుకని మీకొక మాట. ఇప్పుడు చెప్పిందంతా మనలో మనకే. బయట ఎవరన్నా అడిగితే, అవును, కోటమ్మ ఏడ్చింది, మేమూ విన్నాం అనండి. నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి.

అదేమిటి, అలా నవ్వుతారేం? "ఎవరికీ చెప్పకు కోటమ్మా" అని ఈ ఊరంతా నన్ను బతిమాలిన మాటే కదా నేనూ అంటున్నాను!